ఇండ్ల కట్టడము – గ్రామసభ కన్ను

పెద్దలారా,

నేడు నేను ఇండ్ల కట్టడమును గురించియు, దానిపై ప్రజల సభ ఉంచవలసిన కన్నును గురించియు నాలుగు మాటలు మనవి చేసెదను. ఇది పట్నపు సంగతి కదా, బషీరాబాదు వారి కేల అని మీరనవచ్చును. పట్నపు కథ మన కొండలలోనే మొదలగుచున్నది గనుక అక్కడినుండియే చెప్పెదను.

వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో పుట్టిన చిన్న వాగే మూసీనదియై హైదరాబాదును చేరుచున్నది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఆ నది పొంగి నగరమును ముంచినది. వేలకొలది జనులు మడిసిరి. ఒడ్డునున్న పేటలు నేలమట్టమైనవి. మరుసటి యేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి వరదకు విరుగుడు అడిగిరి. ఆ యత్నము ఫలితముగా 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము సిద్ధమైనవి.

నీటికి కట్ట కట్టినారు. మరి జనుల ఇండ్ల మాట యేమి? దానికై 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడినది. అది ఇరుకు సందులను తెరచి, బాటలను వెడల్పు చేసినది. పత్తర్‌గట్టి రాతి దుకాణముల వరుస దాని పనియే. మల్లేపల్లి మొదలైన తావుల తక్కువ అద్దెకు ఇండ్లను కూడ కట్టించినది. 1960లో రాష్ట్ర గృహనిర్మాణ మండలి ఏర్పడగా దాని పనులు ఆ మండలికి చేరినవి.

ఆ పని మెచ్చదగినదే. కాని దానియందు ఒక లోటు కలదు. ఆ బోర్డు ప్రభువుకు జవాబుదారి, జనులకు కాదు. బాట వెడల్పునకు ఇల్లు పోయినవాడు "నాకు చోటెక్కడ?" అని అడుగుటకు, వాని ఓటుతో నిలిచిన సభ యేదియు ఆ బోర్డునకు పైన లేకుండెను.

నూరేండ్లు దాటిన పిమ్మట అదే నది ఒడ్డున అదే ప్రశ్న తిరిగి లేచినది. 2024లో మూసీ ఒడ్డును బాగుచేయ సంకల్పించి, నదిలోని ఇండ్లకు గుర్తులు వేసి, కొన్ని కుటుంబములను రెండు పడకగదుల ఇండ్లకు తరలించిరి. ఇల్లు దొరికినను కూలిపని దూరమగునని, పిల్లల బడి తప్పునని పలువురు మొరపెట్టుకొనిరి. ఇల్లనగా నాలుగు గోడలు మాత్రమే కాదు. పనికి, బడికి, చుట్టపక్కములకు గల దూరము కూడ ఇంటిలోని భాగమే. ఈ సంగతి కాగితముపై గీత గీయు ఇంజనీరునకు కనబడదు. ఆ వాడలో ఉండువారికే తెలియును. స్థానిక సభకు అధికార మేల యీయవలెనన్న ప్రశ్నకు జవాబిదియే.

1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 73వ, 74వ సవరణలు పల్లెలలో పంచాయతీలకును, పట్నములలో పురపాలక సంఘములకును స్థిరమైన స్థానమిచ్చినవి. మన రాష్ట్రమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము రెండు నెలలకొకసారియైనను గ్రామసభ జరుగవలెనని విధించినది.

ఇక మన ఊరి మాట. 2024 మార్చిలో ఇందిరమ్మ ఇండ్ల పథకము మొదలైనది. సొంత స్థలమున్న బీదకు అయిదు లక్షల రూపాయల సాయము. 400 చదరపు అడుగులకు తగ్గని ఇల్లు. మొదట నిర్ణయించిన క్రమమిది: పునాది మట్టమునకు 1 లక్ష, గోడలు కప్పుమట్టమునకు వచ్చినప్పుడు 1 లక్ష, కప్పు పడినప్పుడు 2 లక్షలు, పూర్తియైనప్పుడు 1 లక్ష. అయితే 2024 ఫిబ్రవరిలో సర్పంచుల కాలము తీరినది. ఎన్నికలు 2025 డిసెంబరులో గాని జరుగలేదు. పేర్ల పట్టికలు తయారైన కాలమున ఊళ్లలో ఎన్నికైన పంచాయతీ లేకుండెను. అట్టి వేళ గ్రామసభలో కూర్చున్న పెద్దల నోరే పంచాయతీ కావలసియుండెను.

నేను కూర్చున్న ఒక సభలో పట్టిక చదివిరి. ఒంటరి వృద్ధురాలొకతె పేరు రాలేదు. ఆమె లేచి అడుగజాలక తలవంచుకొని కూర్చున్నది. ప్రక్కనున్న పెద్దమనిషి లేచి, "ఈమె దరఖాస్తు చూడుడు" అని నెమ్మదిగా అడిగెను. వెదకగా దరఖాస్తు కట్టలోనే ఉన్నది, పట్టిక కెక్కలేదు. తప్పు వ్రాసికొనిరి. అడిగిన మాట ఒక్కటే. కాని అడుగకపోయినచో ఆ ముసలమ్మ ఇల్లు అక్కడనే కూలియుండును.

కావున మీరు చూడవలసినవి నాలుగు. మొదటిది పట్టిక: పేరు ఉన్నవారు అర్హులా, అర్హులందరి పేర్లు ఉన్నవా? రెండవది స్థలము: అది వాగుపల్లమా, చెరువు శిఖమా? మూడవది కొలత, సరుకు: తాండూరు బండ ధర, ఇసుక ధర, మేస్త్రీ కూలి మీకు తెలిసినట్లు కచేరీలో కూర్చున్నవారికి తెలియదు. నాలుగవది సొమ్ము: ఏ దశకు ఎంత ముట్టినదో ఇంటివానినే అడుగుడు. జవాబు దొరకనిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము కలదు. దానిక్రింద గ్రామస్థాయిలో రుసుము లేదు. మండలమున 5 రూపాయలు మాత్రమే. ముప్పది దినములలో జవాబీయవలెను.

కన్ను వేయుట అనగా అడ్డుపడుట కాదు. పొలమునకు కావలి ఉండువాడు పంటకు శత్రువు కాడు గదా! రాబోవు గ్రామసభ దండోరా విన్ననాడు, "మన మాట ఎవరు వినెదరులే" అని అరుగుమీదనే కూర్చుండక, మీతో ఒక ముసలమ్మను కూడ తోడ్కొని పొండని ప్రార్థించి, ఇంతటితో ముగించుచున్నాను.