తల వంచినవాడల్లా దొంగేనా?

నాలుగైదేళ్ల క్రిందటి మాట. ఆదోనిలో నేను పాఠం చెప్పే క్లాసులో ఒక అమ్మాయి పరీక్ష ఫీజుకని తెచ్చుకున్న డబ్బు కనబడలేదు. "తీసినవారెవరో మర్యాదగా ఇచ్చెయ్యండి" అన్నాను. అందరూ నా ముఖంలోకి చూశారు. ఒక్క కుర్రవాడు మాత్రం తల వంచుకున్నాడు. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే నేతపనివారి పిల్లవాడు. నేను నోరు తెరిచి ఏమీ అనలేదు. కాని నా చూపు అతని మీద ఆగింది. చాలదూ? క్లాసంతా అటే తిరిగింది.

సాయంకాలానికి డబ్బు ఆ అమ్మాయి పుస్తకానికి వేసిన అట్టలోనే దొరికింది. కుర్రవాడు మాత్రం మూడు రోజులు కాలేజీకి రాలేదు.

మరి, తియ్యనివాడు తల ఎందుకు వంచాలి? తప్పు చేస్తేనే సిగ్గు వేస్తుందని అనుకుంటాం. కాని, నలుగురూ తక్కువగా చూస్తున్నారనుకుంటే చాలు, సిగ్గు పుడుతుంది. అమెరికాలో థెరీసా రాబర్ట్‌సన్, ఆమె సహచరులు ఒక ప్రయోగం జరిపి 2018లో ప్రకటించారు. కొందరిని ఉమ్మడి నిధికి తలా కొంత డబ్బు వెయ్యమన్నారు. తరువాత వారిలో కొందరికి, "మిగతావారు నిన్ను వద్దంటున్నారు" అని చెప్పారు. ధారాళంగా ఇచ్చినవారు కూడా ఆ మాటకు సిగ్గుపడ్డారు!

ఈ సంగతి మనకు తెలియనిదేమీ కాదు. వినాయక చవితినాడు శమంతకమణి కథ విని అక్షింతలు వేసుకునేది నీలాపనింద రాకూడదనే కదా! మణి తియ్యని కృష్ణుడే నింద మాపుకోవడానికి అడవులు పట్టి తిరిగాడు. ఇక పేదవాడి మాట చెప్పాలా?

నిందను చట్టమే మోపిన రోజులూ వున్నాయి. 1871లో ఇంగ్లీషువారు చేసిన నేరస్థ తెగల చట్టం 1911లో, అప్పట్లో మన ఆదోని వున్న మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవంటి కులాల్లో ఏ పాపమూ ఎరుగనివారు సైతం పోలీసు రిజిస్టరు కెక్కి హాజరు చెప్పుకోవలసి వచ్చింది. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది. అయినా, వూళ్లో ఏదన్నా పోతే ముందు ఎవరి గుడిసె వైపు చూస్తామో మనకు తెలుసు. మనం చూస్తే అక్కడ తల వంగుతుంది. వంగిన తలను చూసి మన అనుమానం గట్టిపడుతుంది.

నాలుగోనాడు నేనే ఎమ్మిగనూరు వెళ్లాను. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టిన వూరది. కుర్రవాడి తండ్రి మగ్గం గుంటలోంచి లేవబోతే వారించి, తప్పు నాదని చెప్పుకున్నాను.

"పోగు తెగితే నేసేవానిదే తప్పంటారు సార్. నూలు నాసిదని ఎవరంటారు? మాకు అలవాటే. వాడు చిన్నోడు, ఇంకా అలవాటు కాలేదు" అన్నాడాయన.

అలవాటు కాకూడదనే నా కోరిక. నలుగురిలో వేసిన నిందను నలుగురిలోనే తీసుకోవాలి గనుక, మర్నాడు క్లాసులో అందరి ఎదుటా ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పాను. అప్పుడూ అతను తల వంచుకునే వున్నాడు. ఈసారి మాత్రం నేను అపార్థం చేసుకోలేదు.