తాగుడు ముందా? దిగులు ముందా?

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి, "పిచ్చాసుపత్రికి ఎటు వెళ్ళాలి?" అని అడగడానికి చాలామందికి నోరు రాదు. "చినవాల్తేరు వెళ్ళాలి బాబూ" అంటారు. ఆటో అతనికి సంగతి తెలిసిపోతుంది. తిరిగి ఊరికి వెళ్ళాక మాత్రం "కేజీహెచ్‌లో చూపించుకొచ్చాం" అని చెబుతారు. మనిషికి పిచ్చేమీ లేదు, ఉన్నదల్లా తాగుడే, దానికి ఈ ఆసుపత్రికి వెళ్ళమన్నారేమిటని ఇంట్లోవాళ్ళ బాధ.

ఆ ఆసుపత్రి నిన్నమొన్నటిది కాదు. తెల్లదొరల కాలంలో, 19వ శతాబ్దంలోనే, మద్రాసు ప్రెసిడెన్సీలో మతి చెడినవారి కోసం కట్టిన కొద్దిపాటి ఆశ్రయాల్లో వాల్తేరుది ఒకటి. 2014లో రాష్ట్రం విడిపోయి ఎర్రగడ్డ తెలంగాణకు వెళ్ళిపోయాక, ఆంధ్రప్రదేశ్‌కు మిగిలిన పాత మానసిక వైద్యశాల ఇదే. 2022లో మన జిల్లా మూడు ముక్కలైంది గానీ, అనకాపల్లి నుంచీ, పాడేరు నుంచీ రోగులు వచ్చేది ఇక్కడికే.

తాగుడుకూ ఆ ఆసుపత్రికీ ఉన్న సంబంధం ఇప్పుడు చట్టంలోనే ఉంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, మద్యం, మత్తు పదార్థాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక జబ్బుల కిందే చేర్చింది. ఊళ్ళో రచ్చబండ దగ్గర మాత్రం అది ఇంకా కొవ్వు పట్టిన పనే.

నిద్ర కోసం ఒక క్వార్టరు

మనవాళ్ళు ఎందుకు తాగుతారంటే సమాధానాలకు కరువు లేదు. ఉక్కు కర్మాగారంలో ఏ, బి, సి షిఫ్టులు. రాత్రంతా కొలిమి వేడిలో పనిచేసి పొద్దున్నే ఇంటికి వచ్చినవాడికి ఎండ నడినెత్తికెక్కే వేళ నిద్ర పట్టదు. ఒక క్వార్టరు వేసుకుంటే పడుతుంది. పోర్టులో కళాసీ పని చేసేవాడికి ఒళ్ళు నొప్పులు. వేటకు వెళ్ళి వలలో ఏమీ పడక తిరిగొచ్చినవాడికి అప్పు గుర్తొస్తుంది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. దానికోసం భూములిచ్చి వడ్లపూడి, అగనంపూడి వంటి నిర్వాసిత కాలనీలకు చేరిన కుటుంబాలున్నాయి. చేతిలో ఆర్ కార్డు ఉండీ ఉద్యోగం రాని మనిషికి పొలమూ లేదు, పనీ లేదు, పొద్దు మాత్రం పోవాలి.

వీళ్ళెవరూ కొవ్వెక్కి తాగడం మొదలుపెట్టినవాళ్ళు కారు. ఏదో ఒక బాధను మరచిపోవడానికి చేతికందిన మందు అది. చిక్కేమిటంటే, ఆ మందు ఇచ్చిన దానికంటే ఎక్కువ లాక్కుంటుంది. సారాయితో నిద్ర తొందరగా పడుతుంది, నిజమే. తెల్లవారుజామున రెండు మూడింటికి ఉలిక్కిపడి మెలకువ వస్తుంది. గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి, లేనిపోని భయాలు చుట్టుముడతాయి. అది నిన్నటి మత్తు దిగిపోతున్న గుర్తు. తాగినవాడు మాత్రం "నాకున్న కష్టాలకు నిద్ర ఎలా పడుతుంది?" అనుకుంటాడు. మర్నాడు ఇంకాస్త ఎక్కువ పోస్తాడు.

మూడో రోజు వచ్చే దెయ్యం

అన్నిటికంటే ముందు మన పల్లెలవారికి తెలియవలసినది ఇది.

అనంతగిరి ఘాట్‌లో దిగే లారీని తలచుకోండి. మద్యం మెదడుకు బ్రేకు వేస్తుంది. రోజూ బ్రేకు పడుతుంటే, మనిషి మెలకువగా ఉండాలి కనుక మెదడు తన యాక్సిలరేటరును ఇంకా గట్టిగా తొక్కడం నేర్చుకుంటుంది. ఏళ్ళ తరబడి ఇలా నడిచాక ఒక్కసారిగా బ్రేకు తీసేస్తే లారీ ఏమవుతుంది?

ఆఖరి గ్లాసు పడిన కొద్ది గంటలకే చేతులు వణుకుతాయి, వాంతులవుతాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజో, మూడో రోజో, నాలుగో రోజో కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు. చచ్చిపోయినవాళ్ళు పిలుస్తున్నారంటారు. ఎవరో చంపడానికి వస్తున్నారని వీధిలోకి పరుగు తీస్తారు. తాగేవాళ్ళందరికీ ఇలా కాదు, రోజూ మోతాదు మించి ఏళ్ళ తరబడి తాగినవారిలో కొందరికి.

ఇది చూసిన ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు? గాలి సోకిందనుకుంటారు. తాగినన్నాళ్ళూ బాగానే ఉన్నాడు, మానగానే పట్టుకుందంటారు. భూతవైద్యుడికి కబురు పెడతారు, వేపమండలు వస్తాయి. మాన్పించాలన్న కసితో గదిలో పెట్టి గొళ్ళెం వేసేవారూ ఉన్నారు. మంచి ఉద్దేశంతోనే వేస్తారు. కానీ ఆ గదిలో ఫిట్స్ వచ్చినా, ఒళ్ళు కాలిపోయి మతి తప్పినా ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో అయితే మత్తు తగ్గించే మాత్రలు నాలుగైదు రోజులు మోతాదు తగ్గిస్తూ ఇచ్చి, బి1 విటమిను ఎక్కించి గట్టెక్కిస్తారు. ఆ విటమిను చౌకైనదే. అది ఒంట్లో బొత్తిగా లేకపోతే మాత్రం జ్ఞాపకశక్తి మళ్ళీ రాకుండా పోయేంత దెబ్బ మెదడుకు తగులుతుంది.

ఇది పుస్తకాల్లో మాటే కాదు, కళ్ళారా చూశాం. 2020 మార్చి ఆఖరులో కరోనా లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. కొద్ది రోజుల్లోనే హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు వణికేవాళ్ళు, ఫిట్స్ వచ్చినవాళ్ళు, మతి తప్పినవాళ్ళు బారులు తీరారు. మన రాష్ట్రంలో మే 4న దుకాణాలు తెరిచారు. ధర పెంచినా జనం ఎండలో నిలబడ్డారు. అదే ఏడాది జూలై నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో, దుకాణాలు మూసి ఉండగా, చేతులు కడుక్కునే శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. కొవ్వెక్కినవాడు శానిటైజరు తాగడు.

ఏది ముందో ఎలా తెలుస్తుంది?

మరి మనసు చెడి తాగుతున్నాడా, తాగి మనసు చెడిందా? అమెరికాలో హార్వర్డ్ వైద్యుడు జార్జ్ వేలాంట్, కొన్ని వందలమంది మగవాళ్ళను కుర్రతనం నుంచి నడివయసు దాకా గమనించిన వివరాలతో 1983లో ఒక పుస్తకం వేశారు. దిగులు వల్ల తాగామని చెప్పినవారిలో చాలామందికి తాగుడు ముందు, దిగులు వెనక అని ఆయన తేల్చారు. సరిగ్గా రెండేళ్ళకు అదే హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ ఖాంట్‌జియన్ అనే మరో వైద్యుడు, మత్తుకు అలవాటు పడినవాళ్ళు తమ బాధకు తామే వైద్యం చేసుకుంటున్నారని వాదించారు. పండితుల తగవు అలా ఉంచితే, డాక్టర్లు పాటించే పద్ధతి తేలికైనది. మనిషిని మూడు నాలుగు వారాలు మద్యం ముట్టకుండా ఉంచి చూస్తారు. చాలామందికి ఈలోగా దిగులు దానంతటదే తగ్గుతుంది. అది తాగుడు తెచ్చిన దిగులు. కొందరికి అప్పటికీ ముఖంలో కళ రాదు, చావు ఆలోచనలు పోవు, లేదా ఎవరో మాట్లాడుతున్నట్టు చెవిలో వినిపిస్తూనే ఉంటుంది. వాళ్ళకు రెండో జబ్బు కూడా ఉన్నట్టు. ఒకదానికి మందు వేసి రెండోది వదిలేస్తే రెండూ తిరగబెడతాయి. చావు మాట ఎత్తినవాడి విషయంలో మాత్రం వారాలు ఆగరు, ఆగకూడదు. ఆ రోజే తీసుకెళ్ళాలి.

నా మట్టుకు నాకు, ఏది ముందన్న ప్రశ్న డాక్టరుకు అవసరమే గానీ ఇంట్లోవాళ్ళకు అంతగా కాదనిపిస్తుంది. నిప్పు ఏ మూల నుంచి అంటుకున్నా ఇల్లు ఒకటే.

బెంగళూరు నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో, మద్యం జబ్బు ఉన్నవారిలో నూటికి 86 మందికి వైద్యమే అందడం లేదని తేలింది. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మనది లేదు. ఇక్కడ అంతకంటే మెరుగ్గా ఉంటుందని అనుకోవడానికి నాకైతే ఆధారం కనపడదు.

దుకాణం మూస్తే సరిపోతుందా అంటే, ఆ ముచ్చటా తీరింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రాజేసిన ఉద్యమంతో 1993 అక్టోబరు 1 నుంచి సారా పోయింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో అదీ పోయింది. ఎన్నో ఇళ్ళలో ఆ కొన్నాళ్ళు పొయ్యి వెలిగిన మాట కాదనలేం. కానీ దుకాణం మూసినప్పుడు వణికేవాడి సంగతి ఎవరు చూడాలన్నది అప్పుడూ తేలలేదు, 2020లోనూ తేలలేదు.

కూరలో కలిపే పొడి

మన ఊళ్ళలో ఇంకో పని జరుగుతుంది. తాగుడు మాన్పిస్తుందని ఎవరో చెప్పిన పొడినో, మాత్రనో మగవాడికి తెలియకుండా కూరలో కలిపి పెడతారు. డైసల్ఫిరామ్ అనే మాత్ర నిజంగానే ఉంది. డాక్టరు రాస్తాడు, రోగి తెలిసి, ఒప్పుకొని వేసుకోవాలి. అది వేసుకొని తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వస్తాయి. రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికీ రావచ్చు. తెలియనివాడు తాగకుండా ఎలా ఉంటాడు? మాన్పించాలని పెట్టిన కూరే విషమవుతుంది.

రోగి రాకపోతే ముందు ఇంట్లోవాళ్ళే సలహా అడగవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. తాగుడు మానడం గురించి ప్రత్యేకంగా అడగడానికి 14446 ఉంది. మానాలనుకున్నవాడు ఒక్కసారిగా మానేసి ఇంట్లో పడుకోకుండా, మానే రోజునే ఆసుపత్రికి రావడం మేలు. డాక్టరు మొదట అడిగేవి మూడు: ఆఖరుసారి ఎప్పుడు తాగాడు, రోజుకు ఎంత తాగుతాడు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా. తాగేవాడు సగం తగ్గించి చెబుతాడు. వెంట వచ్చిన ఇల్లాలు పక్కకు పిలిచి అసలు లెక్క చెబితే డాక్టరు ఏమీ అనుకోడు. మాత్ర మోతాదు వేసేది ఆ లెక్క మీదే.