గుమ్మఘట్ట టు గచ్చిబౌలి: 21 కిలోమీటర్ల ప్రాక్టీస్

మా గుమ్మఘట్టలో తెల్లారుజామున రోడ్డు మీద ఎవరైనా పరిగెడుతున్నారంటే ఒకటే అర్థం... కానిస్టేబుల్ సెలక్షన్స్! 1600 మీటర్లు, 8 నిమిషాలు. అంతకు మించి పరిగెత్తితే ఉద్యోగం రాదు కాబట్టి ఎవరూ పరిగెత్తరు. నేను రాయదుర్గం రోడ్డెక్కిన మొదటి వారమే టీ కొట్టు దగ్గర అడిగేశారు: "సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయిందా ఏందప్పా? పోలీసుకు పోతాండావా?"

ఉద్యోగం ఉంది. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నా. సమస్య వేరే. ఫిబ్రవరిలో హెల్త్ చెకప్ చేయించుకుంటే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. అది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్‌కు ముందు దశ. 6.5కు చేరితే షుగరే. మా నాయనకు పదకొండేళ్లుగా షుగర్ ఉంది. ఆయన కాలికి తగిలిన చిన్న పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు కట్టు మార్చింది నేనే. నా వయసు 28.

రోజూ వాకింగ్ చెయ్యమన్నారు డాక్టర్. డెడ్‌లైన్ లేని పని మాలాంటి వాళ్లతో కాదు కదా! అందుకే ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కు పేరిచ్చా. 21.1 కిలోమీటర్లు. నెక్లెస్ రోడ్డులో మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. నాయన విని, "ఉరికేదానికి దుడ్డు కట్టినావా? చేన్లోకి రా, ఉత్తగానే ఉరికిస్తా" అన్నాడు.

కొత్తవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది వేగం కాదు, నిదానం. పరిగెడుతూ పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికన్ జెఫ్ గాలొవే, మధ్యమధ్యలో నడిచే పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవాలి. నేను రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడకతో మొదలుపెట్టా. వారానికి నాలుగు రోజులు. ఆదివారం మాత్రం పొడుగు పరుగు, వారానికో కిలోమీటరు పెంచుతూ. షూ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, కాలికి సరిపోతే చాలు. కుక్కలు వెంటపడితే మాత్రం ఆగి నడవండి. వాటితో రేసు పెట్టుకుంటే మనం గెలవం.

అసలు పాఠం మా నేల దగ్గరే ఉంది. అనంతపురం ఎండ సంగతి తెలిసిందే, అందుకే మే నెలలో అయిదు గంటలకే బయల్దేరేవాణ్ణి. విచిత్రమేమిటంటే, ఒళ్లు పెద్దగా తడిసేది కాదు. చెమట పట్టలేదని కాదు, పొడిగాలికి పట్టినట్టే ఆవిరైపోయేది. టీషర్టు మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగిలేవి. ఒకరోజు పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకున్నా. మధ్యలో ఏమీ తాగకుండా 12 కిలోమీటర్లకు 1.2 కిలోలు తగ్గింది. అది కొవ్వు కాదు, ఇంచుమించు 1.2 లీటర్ల నీరు!

అలాగని బిందెలు బిందెలు తాగేయకూడదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే, 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉంది. పరుగులో అతిగా నీళ్లు తాగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. అది ప్రాణాల మీదికీ రావచ్చు. దాహమైనప్పుడు కొంచెం కొంచెంగా తాగడం, ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ... నా లెక్క అంతే. దీన్ని కనిపెట్టడానికి మా అమ్మకు యాప్ అవసరం రాలేదు.

ఇప్పుడు నా భయం హైదరాబాద్ గురించే. ఎండలో అలవాటైనవాడివి, నీకేం అంటున్నారు ఫ్రెండ్స్. ఒంటిని చల్లబరిచేది కారిపోయే చెమట కాదు, ఆవిరయ్యే చెమట. ఆగస్టులో అక్కడ గాలి నిండా తేమ ఉంటుంది, చెమట ఆరదు. పైగా దారిలో ఫ్లైఓవర్లు. ఇక్కడ కిలోమీటరుకు 8 నిమిషాలు పడుతోంది, ఆ లెక్కన 2 గంటల 49 నిమిషాలు. అక్కడ మాత్రం 8.30 అనుకుంటున్నా. అంటే మూడు గంటలకు ఓ నిమిషం తక్కువ. ఫ్లైఓవర్‌కు బదులు మాకున్నది చెరువు కట్టే. దాన్నే ఎక్కుతూ దిగుతూ ఉంటే గొర్రెలు కాసే తాత ఆగి చూస్తాడు, ఏమీ అడగడు.

ఆషాఢం గాలి మొదలైంది. పోయేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. అందుకే ఎదురుగాలిలో వెళ్లి, గాలివాటున ఇంటికి వస్తున్నా. మొన్న ఆదివారం 15 కిలోమీటర్లు పూర్తయ్యాయి.

హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటు చెబుతుంది. కాబట్టి రేసుకు పది రోజుల ముందు టెస్టు పెట్టుకున్నా, నాయనకు కూడా కలిపి. ఈ టెస్టుకు పరగడుపున పోవాల్సిన పనిలేదని చెప్పగానే ఆయన ముఖం వెలిగింది.

"అయితే రాయదుర్గంలో ఉగ్గాని తిని పోదామా?"