మారిషస్ దీవిలో తెలుగింటి కాపురము

మా ఆదోని, ఎమ్మిగనూరు సీమలో వలస యను మాట స్త్రీలకు క్రొత్తది గాదు. వానలు ముఖము చాటుచేసిన యేట కోసిగి, కౌతాళము, పెద్దకడబూరు పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములు గుంటూరి మిరపచేలకు సుగ్గికి తరలిపోవుట యిప్పటికిని జరుగుచున్నది. బయలుదేరునాడు ఇల్లాలు కట్టుకొను మూటను చూడుడు. రొట్టెపెనము, కారపు డబ్బా, జొన్నపిండి, దేవుని పటము. పురుషుడు అక్కడి కూలి యెంతయని లెక్కించుకొనును. ఆమె అక్కడ పొయ్యి యెచ్చట పెట్టవలెనా యని యోచించుకొనును. ఈ వలస కొలది నెలలది. పని ముగియగనే వారు మరల తమ యూరు చేరుదురు.

అట్లుగాక, సముద్రము దాటిపోయి, అక్కడనే పొయ్యి పెట్టి, అక్కడనే మనుమలను ఎత్తుకొని, పుట్టినయూరు మరల కంటజూడక కన్నుమూసిన తెలుగు స్త్రీలు వేలకొలది కలరు. వారిలో మారిషస్ దీవికి పోయినవారి సంసారమును గూర్చి మన సోదరీమణులకు కొంత తెలుపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను. పరదేశమున ఇల్లు నిలుపుటకు ఇల్లాలి చేతిపని యెంతవరకు చాలును, ఎచ్చట చాలకపోవును అను ప్రశ్నకు ఆ దీవి చరిత్రలో మంచి యుత్తరము కలదు.

మారిషస్ హిందూమహాసముద్రమున మడగాస్కరునకు తూర్పుగా నున్న చిన్న దీవి. దాని వైశాల్యము ఇంచుమించు 1,865 చదరపు కిలోమీటరులు మాత్రమే. డచ్చివారు దానికి తమ రాజకుమారుని పేరు పెట్టిరి. పిదప ఫ్రెంచివారు ఏలిరి. 1810లో ఆంగ్లేయులు గెలుచుకొనిరి. చెరకుతోటలలో పనిచేయు ఆఫ్రికా బానిసలకు 1835లో విముక్తి కలిగెను. ఆ విముక్తికి ముందే తోటల యజమానులు పనివాండ్రకై మన దేశమువైపు చూచిరి. 1834 నవంబరు 2వ తేదీన కలకత్తానుండి ‘అట్లాస్’ అను ఓడలో 36 మంది కూలీలు ఆ దీవిలో దిగిరి. 1910 వరకు సాగిన యీ వలసలో ఇంచుమించు నాలుగున్నర లక్షలమంది భారతీయులు అచ్చటికి చేరిరి. అందులో అధికులు బీహారు ప్రాంతపు భోజపురీ జనులు. గంజాము, విశాఖపట్టణము, గోదావరీ తీరముల నుండి కోరంగి, మదరాసు రేవులలో ఓడయెక్కిన మనవారును అందులో కలరు.

ఓడ దిగినవారు పోర్టులూయీ నగరములోని వలసవారి డిపోలో మొదట అడుగుపెట్టెడివారు. 1849లో కట్టుట ప్రారంభించిన ఆ కట్టడమునకు నేడు ‘ఆప్రవాసీ ఘాట్’ అని పేరు. 2006లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. రేవునుండి పైకి పోవు రాతిమెట్లు ఇప్పటికిని నిలిచియున్నవి. మెట్లెక్కి వచ్చిన ప్రతి స్త్రీకిని ఒక సంఖ్య నియమించి పుస్తకమున వ్రాసికొనెడివారు. తల్లి పెట్టిన పేరు గుమాస్తా చెవికి ఎట్లు వినబడిన నట్లు వ్రాయబడెడిది. ఆ రాత తప్పైనను ఆమెకు తెలిసెడిది కాదు; తెలిసినను దిద్దించుకొను నేర్పు లేదు. తండ్రికి ఇంటివారు పిలుచు పేరే పిల్లలకు ఇంటిపేరైపోయెను. అప్పడు, అప్పన్న, సన్యాసి మొదలగు పేర్లు నేటికిని ఆ దీవిలో ఇంటిపేర్లుగా నడచుచున్నవి. అసలైన యింటిపేరు, గోత్రము పెక్కుమందికి ఆ మెట్లమీదనే జారిపోయెను.

అచ్చటినుండి తోటలకు పంపబడినవారికి నివాసము ‘కాంపు’ అను గుడిసెల వరుస. తొలి యొప్పందము ఐదేండ్లది. పురుషునికి నెలకు 5 రూపాయల జీతము, స్త్రీకి అంతకన్న తక్కువ. బియ్యము, పప్పు, ఉప్పు కొలిచి యిచ్చెడివారు. ఒకనాడు పనికి రాకపోయిన రెండునాళ్ల కూలి తగ్గించు ‘జోడుకోత’ అను కఠిన నియమము చిరకాలము అమలులో నుండెను. బిడ్డకు జ్వరము వచ్చి తల్లి యింట నిలిచినను ఈ కోత తప్పెడిది కాదు. 1866 మొదలు 1868 వరకు మలేరియా ఆ దీవిని చుట్టుముట్టి వేలకొలది ప్రాణములను హరించెను. ఇట్టి దినములలో ఒక ఇల్లాలు సంసారమును నిలిపిన దనగా అది సామాన్యమైన ధైర్యముతో అగు పని కాదు.

ఆమె తొలుదొల్త చేసిన పని గుడిసె ప్రక్కన నాలుగు పాదులు పెట్టుట. దీవి నేల అగ్నిపర్వతపు నేల. చెరకుచేలలో తీసిపోసిన నల్లరాళ్లు నేటికిని మన కొండగుట్టలవలె కుప్పలై కనబడును. రాళ్లేరినచోట వర్షము పుష్కలము. మునగ నాటినచో బ్రదికెను, బీర ప్రాకెను, పొట్ల కాచెను, కరివేప చిగిర్చెను. నేడు మారిషస్ అంగడిలో ఏ మతమువారైనను, ఏ జాతివారైనను ఆకుకూరను ‘బ్రేద్’ అను మాటతో పిలిచి, మునగాకును ‘బ్రేద్ మురుమ్’ అనుచున్నారు. కరివేపాకు ‘కారిపులే’, బీరకాయ ‘పిపంగాయ్’, పొట్లకాయ ‘పతోల్’. ఇందు కొన్ని అరవపు పలుకుబడిని పోలియుండును. దక్షిణదేశపు స్త్రీలందరు ఒకే కాంపులో ప్రక్కప్రక్కనే వండుకొనిరి గదా! శనగపప్పు నానబెట్టి, పచ్చిమిర్చి చేర్చి, బరకగా రుబ్బి నూనెలో వేయించు మన వడయే అచ్చట ‘గాతో పిమాన్’ అను పేర వీథివీథిని అమ్ముడగుచున్నది. దానిని రొట్టె మధ్యనుంచుకొని తినుట దీవివాసులందరికి ప్రీతి. పెండ్లిండ్లలో అరటియాకున ఏడు కూరలు వడ్డించు ఆచారమును తెలుగువారు, అరవవారు నేటికిని పాటింతురు. చేతిలో చిల్లిగవ్వ లేని స్త్రీలు ఒక దేశపు వంటింటినే మార్చివేసిరి. ఈ గెలుపును ఏ దొరయు దస్తావేజులలో వ్రాసికొని యుండడు.

చెరకుధర పడిపోయిన కాలమున తోటదొరలు కొన్ని భూములను ముక్కలుచేసి అమ్మిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున జరిగిన యీ యమ్మకములవలన పెక్కు భారతీయ కుటుంబములు కాంపు విడిచి సొంత గ్రామములు ఏర్పరచుకొనెను. పశువును పెంచి, చెరకాకు కోసి మేపి, పాలమ్మి, కూరగాయలమ్మి పైకము కూడబెట్టుటలో స్త్రీల పాలు మిక్కుటము. అచ్చటి నాణెము కూడ రూపాయియే యగుటచేత మనవారికి లెక్క తెలియని చింత లేకపోయెను.

ఇక ఋతువుల విషయము వినుడు. ఆ దీవి భూమధ్యరేఖకు దక్షిణమున నున్నది. కనుక మనకు చలికాలమైనపుడు అచ్చట ఎండకాలము. మామిడిపండ్లు మార్గశిర పుష్యములలో ముగ్గును. ఉగాది వచ్చునప్పటికి ఆ కాలము దాటిపోవును. చిగురుటాకులతో వసంతమును పిలువవలసిన పండుగ అచ్చట వేసవి వెనుదిరుగుచుండగా వచ్చును. సంక్రాంతి తుపానుల కాలమున పడును. ప్రకృతి పంచాంగమునకు సాక్ష్యము చెప్పని దేశమున, తిథులను లెక్కపెట్టుకొని పండుగ నిలుపుట యెంతటి పట్టుదలయో యోచింపుడు. ఆ పట్టుదల వృథా పోలేదు. నేడు మారిషస్ ప్రభుత్వము ఉగాదిని దేశమంతటికి సెలవుదినముగా పాటించుచున్నది.

తుపానుల మాట వచ్చినది గనుక ఒకటి చెప్పెదను. 1960 ఫిబ్రవరిలో ‘కెరోల్’ అను పెనుతుపాను ఆ దీవిలోని గడ్డియిండ్లను, రేకుటిండ్లను వేలకొలది కూల్చివైచెను. అటుపిమ్మట జనులు సిమెంటుతో మట్టపు కప్పు వేసికొని గట్టి యిండ్లు కట్టుకొనసాగిరి. కుమారునికి పెండ్లియైనచో ఆ కప్పుమీదనే మరియొక అంతస్తు లేచును. అత్తాకోడండ్రు క్రిందుమీదులుగా కాపురముందురు. తుపాను హెచ్చరికలు ఒకటవ తరగతి మొదలు నాలుగవ తరగతి వరకు క్రమముగా వెలువడును. ఒకటవది వినగనే ఇల్లాండ్రు నీరు పట్టియుంచుకొందురు, క్రొవ్వొత్తులు, బియ్యము, రొట్టెలు సమకూర్చుకొందురు. వాన యెప్పుడు వచ్చునాయని మనము ఆకసము చూతుము. గాలి యెప్పుడు వచ్చునాయని వారు చూతురు. ముందుచూపు మాత్రము ఇరువురికి నొక్కటే.

దైవభక్తియందును మనవారు పుట్టినింటిని మరువలేదు. సింహాద్రి అప్పన్నను కొలుచుట, అమ్మోరు పండుగ చేయుట, దీపస్తంభము చుట్టును తిరుగుచు రాత్రియెల్ల రామభజనము సల్పుట ఆ దీవి తెలుగువారి ముఖ్యాచారములు. వారి పూర్వికులు ఏ సీమనుండి పోయిరో సింహాద్రి అప్పన్న పేరే చెప్పుచున్నది.

ఇంతవరకు వినిన సోదరి “ఇల్లాలు అన్నిటిని కాపాడినది గదా!” అని సంతసింపవచ్చును. ఒక్కటి మాత్రము కాపాడలేకపోయినది. అది భాష. 2011 జనాభా లెక్కలనుబట్టి ఆ దీవిలో పదింట ఎనిమిది ఇండ్లకు మించి క్రియోలు అను ఫ్రెంచిపుట్టుక భాషయే మాటాడబడుచున్నది. తెలుగు ఇంటిమాటగా నున్న కుటుంబములు మిక్కిలి తక్కువ. తామ్ర తెలుగువారమని గర్వముగా చెప్పుకొను తల్లియే బిడ్డను క్రియోలులో లాలించుచున్నది.

ఇందుకు ఆమెను నిందించుట తగదు. తోటలో మేస్త్రీ ఆజ్ఞ క్రియోలు. కాంపులో ఇరుగుపొరుగు భోజపురీ. బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి. మొదటి దినములలో స్త్రీలసంఖ్య తక్కువ. పొరుగుభాష యింటికి వియ్యమొందినవారు పలువురు. అన్నిటికన్న పెద్ద కారణము వేరొకటి కలదు. పాదు పెట్టుటకు అక్షరము అక్కరలేదు, వడ వండుటకు అక్షరము అక్కరలేదు, దీపము చుట్టు తిరుగుటకును అక్కరలేదు. అవి చేయిచూచి చేయి నేర్చుకొనును. భాష అట్టిది గాదు. చుట్టును పదిమంది మాటాడుచున్నంతకాలము అది తనంతట నిలుచును. ఆ పదిమంది లేనిచోట పుస్తకము దానికి ఊతకోల కావలెను. ఆ తల్లులకు చదువు లేదు, పుస్తకము లేదు. కనుకనే మునగకు పేరు మిగిలెను, మునగకూర పెట్టి “తినవే తల్లీ” యను పలుకు పోయెను. భజనపాటను రోమను లిపిలో వ్రాసికొని, అర్థము తెలియకయే భక్తితో పాడువారు అక్కడ కలరు.

పోయినదానిని మరల తెచ్చుకొనుటకు వారు చేసిన యత్నము మెచ్చదగినది. ఊరి మందిరములలో సాయంకాలపు బడులు పెట్టిరి. మారిషస్ ఆంధ్ర మహాసభ వంటి సంఘములు పాటుపడినవి. నేడు ప్రభుత్వ పాఠశాలలలో కోరిన పిల్లలకు తెలుగు బోధించుచున్నారు. మోకా గ్రామమున 1970లో వెలసిన మహాత్మాగాంధీ సంస్థలో పై తరగతులును కలవు. అచ్చటనే వలసవారి దస్తావేజులు భద్రముగా నున్నవి; తమ ముత్తవ్వ సంఖ్యను వెదకించుకొని, ఆమె పుట్టిన పల్లె పేరు కనుగొనువారు నేటికిని కలరు. 1990 డిసెంబరులో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగెను. అయినను బడిలో నేర్చిన భాష పాఠము. ఒడిలో నేర్చిన భాష ప్రాణము. పోగొట్టుకొని మరల సంపాదించుటకు ఆ దీవివారు ఎన్ని తరములుగా శ్రమించుచున్నారో చూచిన, చేతనున్నదాని విలువ మనకు తెలియును.

ఈ మాట దూరదేశమువారికే చెల్లునని తలపవలదు. మన ఆదోని వీథులలో తెలుగు, కన్నడము, ఉరుదు మూడును వినబడును. మూడును మనకు చుట్టములే. ఒకరి మాట ఒకరు నేర్చుట మేలే. అయితే చదువులకై, ఉద్యోగములకై బెంగుళూరునకును, సముద్రముల కావలికిని పోయిన మన బిడ్డల యిండ్లలో మునుపటి కథయే మరల నడచుచున్నది. ఆ యిండ్లలో పచ్చడి జాడీ కలదు, పండుగనాడు తోరణము కలదు, మనుమరాలికి అమ్మమ్మ జాబు చదువుట మాత్రము రాదు. మారిషస్ తల్లులకు లేని సదుపాయములు నేటి తల్లులకు కలవు. వారికి చదువు లేదు, వీరికి కలదు. వారికి పుస్తకము దొరకలేదు, వీరికి దొరకును. కాబట్టి వారికి తగిన మన్నింపు వీరికి తగదు.

నేను బడికి పోయినదానను గాను. మా తండ్రిగారు సంధ్యవేళ అరుగుమీద కూర్చుండబెట్టి, దినమునకు ఒక్కొక్క పద్యము చొప్పున భారత భాగవతములు చెప్పిరి. అరగంటకు మించిన పాఠము ఏనాడును లేదు. కొలది యేండ్లలో ఆ యరగంటలే నాకు గ్రంథములు విప్పి చదువుకొను శక్తినిచ్చెను. ఇంటిచదువు వలన ప్రయోజనమేమని యడుగువారికి ఇంతకన్న వేరు నిదర్శనము చూపనేల?

కనుక దూరమున నున్న కూతుండ్రకు, కోడండ్రకు నా మనవి యిది. దినమునకు అరగంట బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఓనమాలు దిద్దింపుడు. పిదప ఒక కథ, ఒక పద్యము. వారమునకొక జాబు బిడ్డచేతనే తాతకు, అవ్వకు వ్రాయింపుడు, తప్పులున్నను పంపుడు. పాట నేర్పినపుడు అర్థము కూడ చెప్పుడు. ఇక్కడనున్న అవ్వలారా! ఆ జాబునకు మీరు మీ చేతితోనే బదులు వ్రాయుడు. ఊరగాయ పొట్లముతోబాటు ఒక పెద్దబాలశిక్షను పంపుడు. ఊరగాయ ఏడాదిలో అయిపోవును. అక్షరము వచ్చిన బిడ్డ దానిని తన బిడ్డకు పెట్టగలదు.