అప్పు రాకముందే రుసుము అడిగితే: పాడి రైతులు గమనించవలసిన సంగతులు



బర్రె వట్టిపోయినప్పుడు పాల బిల్లు తగ్గుతుంది కాని దాణా ఖర్చు తగ్గదు. ఇంకొక బర్రెను కొందామని బ్యాంకుకు పోతే పాత బాకీ ఉన్నదనీ, సిబిల్ స్కోరు బాగా లేదనీ తిప్పి పంపుతారు. సరిగ్గా అటువంటి సమయంలోనే "సిబిల్ చూడము, జామీను అక్కరలేదు, గంటలో లక్ష రూపాయలు" అని సెల్‌ఫోనుకు సందేశం వస్తుంది. వీటిని నమ్మి ముందుగా రుసుము కట్టి నష్టపోయిన వారి సంగతులు సంఘాల తనిఖీలో మా దృష్టికి వస్తున్నాయి. కావున ఈ మోసం ఎట్లా సాగుతుందో, పాత బాకీ ఉన్నవారికి సరైన మార్గం ఏమిటో ఇక్కడ వివరిస్తున్నాము.

మోసం సాగే తీరు

మొదట ఆధారు కార్డు, ఫోటో, బ్యాంకు పాసుబుక్కు పంపమంటారు. కొద్దిసేపటికే ముద్రలు, సంతకాలతో "మంజూరు పత్రం" వస్తుంది. దానిపై ప్రభుత్వ పథకం పేరో, పేరున్న బ్యాంకు పేరో ఉంటుంది. పది లక్షల ముద్రా అప్పుకు 4,500 రూపాయలు కట్టమంటూ తిరిగిన ఇటువంటి పత్రం ఒకటి నకిలీదని కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం ప్రకటించింది. 2015లో మొదలైన ముద్రా పథకంలో అప్పు ఇచ్చేది బ్యాంకులు, ఇతర రుణ సంస్థలు మాత్రమే. ముద్రా సంస్థ ఎవరికీ నేరుగా అప్పు ఇవ్వదు, దళారులను నియమించలేదు.

ఒకసారి కట్టగానే పని ముగియదు. ఉదాహరణకు ఫైలు ఖర్చు 1,750 రూపాయలు అంటారు. మరునాడు బీమాకు 4,500 అంటారు. ఆ తరువాత "మీ ఖాతా నంబరు తప్పు పడింది, సొమ్ము ఆగిపోయింది, 9,000 కడితే విడుదల అవుతుంది" అంటారు. మొత్తం 15,250 రూపాయలు. లీటరు 50 రూపాయల లెక్కన ఇది 305 లీటర్ల పాలు. పూటకు మూడు లీటర్లు ఇచ్చే బర్రె యాభై రోజులు పిండిన పాలన్నమాట. ఇంతవరకు కట్టినది పోతుందేమోనన్న భయంతోనే రైతు రెండవసారి, మూడవసారి కడుతున్నాడు. ఆ భయమే మోసగాని పెట్టుబడి.

రెండవ రకం మోసంలో అప్పు కొంత చేతికి వస్తుంది. ఫోనులోని యాప్ 5,000 అప్పు అని చెప్పి, రుసుము కింద ముందే కోసుకొని 3,500 వేస్తుంది. వారం రోజుల్లో 5,000 కట్టాలి. కట్టకపోతే ఫోనులోని బంధువుల నంబర్లకు, స్నేహితుల నంబర్లకు అవమానకరమైన సందేశాలు పంపుతారు. 2020 డిసెంబరులో ఈ వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవారున్నారు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేశారు. రిజర్వు బ్యాంకు అదే నెల 23న ప్రజలను హెచ్చరించింది.

నిజమైన అప్పును గుర్తించడం

బ్యాంకులు కూడా రుసుము తీసుకుంటాయి కదా అని కొందరు అడుగుతున్నారు. నిజమే. అయితే ఆ రుసుము కాగితం మీద ఉంటుంది, బ్యాంకు ఖాతాకే పోతుంది, రసీదు వస్తుంది. అది ఎవరో ఒక మనిషి ఫోను నంబరుకు పంపే సొమ్ము కాదు. ఈ కింది వాటిని గుర్తుంచుకోవాలి.

1. 2024 అక్టోబరు 1 నుండి ఇచ్చే వ్యక్తిగత అప్పులకు వడ్డీ, రుసుములు అన్నీ కలిపి చూపే ముఖ్య వివరాల పత్రాన్ని, అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో, ముందుగానే ఇవ్వాలి.

2. యాప్ ద్వారా అప్పు ఇచ్చినా సొమ్ము నేరుగా రైతు ఖాతాలో పడాలి. మధ్యవర్తికి ఇవ్వవలసిన రుసుమును అప్పు ఇచ్చే సంస్థే భరించాలి. ఇది రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నియమం.

3. దాణా, పశువైద్యం వంటి పాడి నిర్వహణ ఖర్చులకు 2019 నుండి కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తున్నారు. మూడు లక్షల వరకు దీనికి ప్రాసెసింగ్, తనిఖీ రుసుములు మాఫీ చేశారు. 2025 జనవరి 1 నుండి రెండు లక్షల వరకు తాకట్టు అక్కరలేదు. దీనికోసం రుసుము అడిగే దళారిని నమ్మవద్దు.

పాత బాకీ ఉన్నవారు చేయవలసినది

సిబిల్ అనేది మన అప్పుల చరిత్రను రాసి ఉంచే సంస్థ. మన దేశంలో ఇటువంటివి నాలుగు ఉన్నాయి. స్కోరు 300 నుండి 900 వరకు ఉంటుంది. ప్రతి సంస్థ నుండి ఏటా ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా పొందవచ్చును. ముందు దానిని తెప్పించి చూడండి. కట్టేసిన అప్పు ఇంకా బాకీగా కనబడవచ్చు, మరొకరి అప్పు మన పేరున ఉండవచ్చు. అటువంటి తప్పుపై ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో పరిష్కరించాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని నియమం ఉన్నది.

బాకీ నిజమైతే శాఖ మేనేజరును స్వయంగా కలిసి వాయిదాల సంగతి మాట్లాడండి. బాకీ తీరిన తరువాత బాకీ లేదన్న పత్రం తప్పక తీసుకోండి. డబ్బు తీసుకొని స్కోరు పెంచుతామనేవారి మాట నమ్మవద్దు. నిజమైన బాకీని నివేదికలో నుండి తుడిచివేసే అధికారం వారికి లేదు.

సంఘంలో క్రమంగా పాలు పోసే సభ్యునికి మరొక ఆధారం ఉన్నది. పన్నెండు నెలల పాల బిల్లుల వివరాన్ని కార్యదర్శి చేత రాయించుకొని బ్యాంకుకు చూపండి. పాత బాకీని అది మాపదు గాని, నెలకు ఎంత కట్టగలరో చెప్పే లెక్క అదే.

ఇప్పటికే కట్టినవారు

వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత తొందరగా చెబితే సొమ్మును ఆపడానికి అంత అవకాశం ఉంటుంది. తరువాత బ్యాంకులో, పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. సందేశాలు తుడిచివేయవద్దు, అవే సాక్ష్యాలు. ఇంకొక రూపాయి కట్టవద్దు. పోయిన సొమ్ము తిరిగి ఇప్పిస్తామని రుసుము అడిగేవారు వస్తారు, వారూ ఆ కోవకు చెందినవారే. మోసపోయినవారు సిగ్గుపడి దాచితే ఇరుగుపొరుగు కూడా అదే మోసంలో పడతారు.

సంఘాలకు మనవి

మన ప్రాంతంలోని ములుకనూరులో 1956లో సహకార గ్రామీణ బ్యాంకు, 2000లో మహిళల సహకార డెయిరీ ఏర్పడ్డాయి. అప్పు సంగతి పదిమందిలో, కాగితం మీద, లెక్క ప్రకారం జరగాలన్నది సహకార పద్ధతి. కావున అధ్యక్షులు, కార్యదర్శులు ఈ వ్యాసాన్ని పాల సేకరణ కేంద్రంలో చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాము. 1930 నంబరును వెన్న శాతం రాసే బోర్డుపై ఒక మూల రాసి ఉంచండి. ఎవరికైనా మంజూరు పత్రం వచ్చినదని తెలిస్తే, డబ్బు పంపేలోపు దానిని తీసుకొని సంఘానికి రమ్మని చెప్పండి. కార్యదర్శి ఆ పత్రంపై ఉన్న బ్యాంకు శాఖకు సభ్యునితో కలిసి వెళ్ళి విచారిస్తే నిజమేదో అక్కడే తేలుతుంది.