ఊరు మారింది, ఆఫీసు మారింది: మరి ఒత్తిడి సంగతేమిటి?

విజయవాడ నుంచో విశాఖ నుంచో గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఉద్యోగానికి వచ్చిన కుటుంబాల పిల్లలు ఏటా జూన్‌లో మన తరగతుల్లో చేరుతుంటారు. పిల్లవాడు కొత్త బడికి అలవాటు పడ్డాడా అని అందరూ అడుగుతారు. కొత్త ఆఫీసుకు అలవాటు పడుతున్న అమ్మానాన్నలను మాత్రం ఎవరూ అడగరు.

సాఫ్ట్‌వేర్ పనిలో ఒత్తిడి కొత్తేమీ కాదు. ఊరు మారినప్పుడు అదే ఒత్తిడి ఇంకా బరువనిపిస్తుంది. ఎందుకంటే, దాన్ని దించుకునే చోట్లన్నీ పాత ఊళ్లోనే ఉండిపోతాయి. టీ కొట్టు దగ్గర కలిసి మేనేజరును తిట్టుకునే స్నేహితులు, పిల్లల్ని గంటసేపు చూసుకునే అమ్మమ్మ, పక్కింటి పిన్నిగారు... వీళ్లెవరూ ఇక్కడ లేరు. ఆఫీసులోనూ ఏ సందేహం ఎవరిని అడగాలో తెలియదు. 'ఇది కూడా రాదా' అనుకుంటారేమోనని రాత్రి ఒంటరిగా కూర్చుని తంటాలు పడతారు. పది నిమిషాల్లో తేలే పనికి రెండు గంటలు పడుతుంది. కొత్తగా చేరినవాళ్లు అడిగితే ఎవరూ తప్పుపట్టరు. ఏడాది తర్వాత అదే ప్రశ్న అడగడం కష్టం.

ఇక వేళల సంగతి. అమెరికా టీమ్‌లతో పనిచేసేవారికి న్యూయార్క్‌లో ఉదయం 9 గంటల మీటింగంటే, మనకు సాయంత్రం 6:30. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా ఆ మీటింగు మనకు 7:30కి వస్తుంది. సరిగ్గా హోంవర్కు, భోజనం వేళ! ఇది ముందే తెలిసిన మార్పు గనక అక్టోబరులోనే ఇంట్లో వేళలు సర్దుకోవచ్చు. భోజనం ఏడింటికి, డైరీలో సంతకం అంతకంటే ముందే. కుదరకపోతే వారంలో రెండు రోజులైనా వేళ మార్చమని మొహమాటం లేకుండా అడగండి.

పిల్లలకు కనిపించేది మూసిన తలుపు, చిరాకు మొహం. కారణం తెలియకపోతే తప్పు తమదేనేమో అనుకుంటారు. 'ఆఫీసులో పని ఎక్కువగా ఉంది నాన్నా, నీ మీద కోపం కాదు, ఎనిమిదిన్నరకు వస్తాను' అని చెబితే చాలు. చెప్పిన వేళకు రావాలి మరి.

ఎంత పడుకున్నా తీరని అలసట, పని మీద విరక్తి, ఏదీ చేతకావడం లేదన్న భావన: పని ఒత్తిడి ముదిరిందనడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే గుర్తులివి. ఇవి వారాల తరబడి ఉంటే డాక్టరును కలవండి. ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీరూ ఈమధ్యే ఊరు మారి ఉంటే క్లాస్ టీచరుకు డైరీలో ఒక్క ముక్క రాయండి. పీటీఎం వేళ మీకు కుదరకపోతే మరో వేళ అడగండి.