మంద దిగే చోటు

పిల్లలు, కుక్కలు, జీవాలతో ఊరు వదిలే కుటుంబాలు రాత్రి మజిలీని ఎలా ఎంచుకుంటాయి? కలిగిరి మెట్ట చెప్పే పాఠం

అమెరికాలో ఆర్వీ (ఇంటి వసతులున్న బండి)తో, పెంపుడు కుక్కతో క్యాంపుగ్రౌండ్‌లో దిగే కుటుంబం ఆ రాత్రికి స్థలం యజమానికి అద్దె కడుతుంది. నెల్లూరు జిల్లాలో గొర్రెల మందతో, కాపలా కుక్కలతో పొలంలో దిగే కుటుంబానికి పొలం యజమానే ఎదురు డబ్బిస్తాడు. ఒక్కోచోట ధాన్యం కొలుస్తాడు. మందలో ఎన్ని జీవాలు, ఎన్ని రాత్రులు అన్న లెక్క మీద బేరం కుదురుతుంది.

వేసవి సంచికకు 'పెంపుడు జంతువులతో ఎక్కడ దిగాలి' అన్న అంశం ఇచ్చి గడువు పెడితే, కుక్కల్ని రానిచ్చే రిసార్టుల పేర్లు నాలుగు రాసి ముగించడం తేలిక. కానీ జంతువులతో సహా సంసారాన్ని తరలించడం తరాలుగా తెలిసినవాళ్లు కలిగిరి, వింజమూరు, దుత్తలూరు, ఉదయగిరి మెట్టలో ఉన్నారు. మజిలీ ఎంచుకోవడంలో వాళ్లను మించిన గురువులు దొరకరు.

మెట్టలో సేద్యం వాన మీద ఆధారం. ఎండలు ముదిరేసరికి కుంటలు అడుగంటుతాయి, బీళ్లలో గడ్డి మాడుతుంది. సరిగ్గా అప్పుడే సోమశిల జలాశయం నీళ్లతో పండిన పెన్నా ఆయకట్టులో వరి కోతలు ముగుస్తాయి. కోసిన మళ్లలో కొయ్యకాళ్ల మధ్య పచ్చిక, కాలవ గట్ల మీద మేత మిగిలి ఉంటాయి. మందలు అటు నడుస్తాయి. నెల్లూరు గొర్రె ఆ నడకకు తగ్గ జీవమే. దేశంలోకెల్లా ఎత్తైన గొర్రె జాతి అది. పొడుగు కాళ్లు, ఉన్ని లేని ఒళ్లు. పల్ల, జోడిపి, డోర అని రంగును బట్టి మూడు రకాలు. వంట సామాను, కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలు, ముసలివాళ్లు లగేజీ ఆటోలో ముందు వెళ్తే, మంద వెనక నడిచి వస్తుంది.

రైతు ఎదురు డబ్బు ఎందుకిస్తాడో వ్యవసాయ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. మామూలు పశువుల ఎరువులో నత్రజని అర శాతం ఉంటే, గొర్రెలు, మేకల ఎరువులో 3 శాతం దాకా ఉంటుంది. పైగా మంద పడుకున్న చోట మూత్రం కూడా నేరుగా నేలలో ఇంకుతుంది. అందుకే దొడ్డిని ఒకేచోట ఉంచరు. పొలమంతా ఎరువు పడేలా జరుపుతూ పోతారు.

ఇక చోటు ఎంపిక. ముందు చూడాల్సింది నేల వాలు. నీరు నిలిచే పల్లంలో మంద కడితే జీవాల గిట్టలు చెడతాయి. తడి బురదలో పుట్టే సన్న దోమలు నీలి నాలుక వ్యాధిని మోసుకొస్తాయి. మూతివాపు అని పల్లెల్లో పిలిచేది దాన్నే. ఆ దోమలు పొద్దుగూకాక, రాత్రిపూట ఎక్కువగా కుడతాయి. గాలి ఆడే మెరక నేలకు అందుకే అంత విలువ.

తరవాత నీళ్లు. మెట్ట నుంచి వచ్చిన జీవానికి ఆయకట్టులో పెద్ద ప్రమాదం కనిపించకుండా ఉంటుంది. మడుగుల్లో బతికే చిన్న నత్తల ద్వారా కార్జపు జలగ వ్యాపిస్తుంది. దాని పిల్లదశ నీటి అంచు గడ్డికి అంటుకుని కడుపులోకి చేరుతుంది. వారాలు గడిచాక జీవం చిక్కిపోయి, దవడ కింద నీరు దిగుతుంది. అప్పటికి ఆ మడుగు చాలా దూరంలో ఉండిపోతుంది. పారే కాలవో, బోరు నీళ్ల తొట్టో ఉన్న చోటే మంచి మజిలీ.

పక్క పొలంలో ఏముందన్నది మూడో ప్రశ్న. కోసిన జొన్న మళ్లీ పిలకలేస్తే, ముఖ్యంగా బెట్టలో, ఆ లేత ఆకుల్లో సైనైడ్ విషం పోగవుతుంది. ఆకలిగా ఉన్న మంద దాంట్లో పడితే నాము తగిలి నిమిషాల్లో జీవాలు కూలిపోతాయి. మందు కొట్టిన చేను దాపున ఉందా అని అడగాలి. అడవిపందుల కోసం కొందరు దొంగతనంగా లాగే కరెంటు తీగ గురించి మాత్రం తప్పనిసరిగా అడగాలి. చీకట్లో అది జీవానికీ, కుక్కకీ, బహిర్భూమికి వెళ్లిన మనిషికీ మృత్యువే. అంతకు ముందు అక్కడ ఏ మంద దిగింది, దానికి పారుడు రోగమో మశూచో తగిలిందా అన్నదీ ఊళ్లో వాకబు చేయాల్సిన సంగతే.

కుక్కల విషయం కాస్త నిదానంగా చెప్పాలి. వెలిగొండ అడవుల అంచున చిరుత భయం ఉన్నచోట కుక్క అరుపే మందకు రక్ష. అదే కుక్క రాత్రి పిల్లల పక్కనే పడుకుంటుంది. చచ్చిన గొర్రె పేగులు, కార్జం, ఊపిరితిత్తులు పచ్చిగా కుక్కకు వేస్తే, వాటి తిత్తుల్లోని బద్దెపురుగు కుక్క పేగుల్లో పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క మలంతో బయటపడి, బొచ్చుకు అంటుకుని, ముద్దు చేసే పసివాడి నోట్లోకి చేరతాయి. ఏళ్ల తరవాత ఆ బిడ్డ కాలేయంలో నీటితిత్తి బయటపడుతుంది. దీన్ని ఆపడం కష్టమేమీ కాదు. మృత జీవాన్ని లోతుగా పూడ్చాలి, కుక్కకు ఉడికించిన తిండే పెట్టాలి, పశువైద్యుడు చెప్పిన గడువుల్లో ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయించాలి. రేబిస్ టీకా సరేసరి.

చరిత్ర అడిగేవారికి ఒక్క ముక్క: 1513లో శ్రీకృష్ణదేవరాయల సేన గజపతుల ఏలుబడిలోని ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించి, 1514లో కోట వశమయ్యే దాకా ఈ కొండల కిందే విడిది చేసింది. అంతటి సేనకూ, దాని ఏనుగులకూ గుర్రాలకూ మేత, నీరు ఈ మెట్టలోనే వెతుక్కోవాల్సి వచ్చి ఉంటుంది.

ఇప్పటి విడిదుల సంగతికొస్తే, కేరళ 2021లో కారవాన్ పర్యాటకానికి విధానం ప్రకటించింది. సెలవులకు వచ్చేవారికి పార్కింగు, నీళ్లు, కరెంటు సమకూర్చడం మంచి పనే. ఏటా బండెడు సంసారంతో రోడ్డెక్కే కాపరి కుటుంబానికీ దారిలో ఒక నీటి తొట్టి, నాలుగు చెట్ల నీడ, ఆడవాళ్లకు మరుగుదొడ్డి దక్కాలి. ఉపాధి హామీ కింద 2025లో ఆంధ్రప్రదేశ్ అంతటా పశువుల నీటి తొట్ల నిర్మాణం చేపట్టారు. కలిగిరి నుంచి ఆయకట్టుకు దిగే దారుల వెంబడి వాటిని కట్టిస్తే మందలకు నేరుగా అందుతాయి.

అమెరికాలో ఆర్వీ ఎక్కేవారికి

'కుక్కల్ని రానిస్తాం' అన్న బోర్డుతో తృప్తి పడొద్దు. రానిచ్చాక ఎంత దూరం నడవనిస్తారో చూడాలి. జాతీయ పార్కుల్లో గొలుసు 6 అడుగులు మించకూడదు, కుక్కను కట్టేసి వదిలి వెళ్లకూడదు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో కుక్కకు అనుమతి ఉన్న కాలిబాటలు రెండే. మెయిన్ రాష్ట్రంలోని అకేడియాలో దాదాపు 100 మైళ్ల బాటలు తెరిచి ఉంటాయి. యెల్లోస్టోన్‌లో రోడ్డుకు 100 అడుగులు దాటి తీసుకెళ్లలేరు, వేడినీటి బుగ్గల చెక్కబాటలు ఎక్కించలేరు. బయట 21 డిగ్రీలే ఉన్నా మూసిన కారు లోపల అరగంటలో 40కి చేరుతుంది. ఆర్వీలో ఏసీ వేసి కుక్కను వదిలి వెళ్లేవారు, క్యాంపుగ్రౌండ్‌లో కరెంటు పోతే ఏం జరుగుతుందో ముందే ఆలోచించాలి.

మన దారుల్లో కారులో కుక్కతో

సోమశిల, ఉదయగిరి వైపు వెళ్లేవారు పెనుశిల నరసింహ అభయారణ్యంలోకి కుక్కను దింపొద్దు. దాని డిస్టెంపర్ లాంటి జబ్బులు అడవి జంతువులకు సోకుతాయి. మంద ఎదురైతే కారు ఆపి, అద్దాలు ఎత్తి, కుక్కను లోపలే ఉంచాలి. కాపలా కుక్కలు కొత్త కుక్కను సహించవు. దారిలో జంతువుకు జబ్బు చేస్తే సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోన్ చేయొచ్చు.